చిత్రప్రదర్శన వ్యాపారము – వర్తకసంఘము – రాష్ట్రేతర తెలుగువారు

దక్షిణ భారతమున రాష్ట్రముల ఎల్లలు ఇరువదియవ శతాబ్దమున పెక్కుమార్లు మారినవి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు బరంపురము, పర్లాకిమిడి మదరాసు రాజధానినుండి వేరుపడినవి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు బళ్లారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు రాగా, బళ్లారి పట్టణముతో కూడ తక్కిన తాలూకాలు మైసూరునకు పోయినవి. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు పాళ్లై తెలంగాణము ఆంధ్రప్రదేశమునందును, రాయచూరు, గుల్బర్గా, బీదరు జిల్లాలు మైసూరునందును, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రమునందును కలిసినవి. ప్రతి మార్పునను కొన్ని లక్షలమంది తెలుగువారు తమ ఇండ్లు కదలకుండగనే వేరొక రాష్ట్రమువారైరి.

అయితే ఈ మార్పులను లెక్కచేయని పటము మరియొకటి కలదు. అది సినిమావర్తకుల పటము. తెలుగు చిత్రముల పంపిణీహక్కులు అమ్ముడుపోవునది నేటికిని ‘నైజాం’, ‘సీడెడ్’, సర్కారు జిల్లాలు అను పేర్లతోనే. ‘సీడెడ్’ అనగా 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలములు. ఆ పేరు తమకు అవమానకరమని తలచి అచ్చటివారు 1928లో నంద్యాల సభయందు ‘రాయలసీమ’ అను పేరు స్వీకరించిరి. వర్తకులు మాత్రము పాతపేరును విడువలేదు. అంతేకాదు, వారి లెక్కలో బళ్లారి సీడెడ్ లోనిదే. అట్లే ‘నైజాం’ అన్నప్పుడు తెలంగాణముతోపాటు రాయచూరు, గుల్బర్గా, బీదరు ప్రాంతములును, నాందేడు మొదలగు మరాఠ్వాడా ప్రాంతములును వాడుకగా అందులో చేరుచుండును. రాజకీయముగ విడిపోయిన తెలుగువారిని వర్తకము ఒక లెక్కపుస్తకములో కలిపియుంచినదని చెప్పవచ్చును.

ఈ వర్తకమునకు నియమములు ఏర్పరచి, తగవులు తీర్చి, ప్రభుత్వములతో మాటలాడిన సంస్థ వర్తకసంఘము. దాని చరిత్రను చలనచిత్రచరిత్రకారులు తారల చరిత్రమును వ్రాసినంత శ్రద్ధతో వ్రాయలేదు. కాని బళ్లారిలోనో, మదరాసులోనో, బరంపురములోనో ఒక తెలుగు కుటుంబము తెలుగు బొమ్మను చూడగలుగుటయు, చూడలేకపోవుటయు పెక్కు సందర్భములలో ఆ సంస్థల తీర్మానములపై ఆధారపడినది.

సభలనుండి సినిమాహాళ్లకు

సినిమాకు పూర్వము తెలుగువారికి వినోదము నాటకము. బళ్లారిలో ధర్మవరము కృష్ణమాచార్యులవారి సరసవినోదినీ సభయు, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు విఖ్యాతములు. కృష్ణమాచార్యులవారు మదరాసులో ప్రదర్శించిన నాటకములు చూచిన ఉత్సాహముతోనే 1891లో పమ్మల్ సంబంధ మొదలియారు సుగుణవిలాస సభను స్థాపించిరి. తమిళనాటి ఆధునిక నాటకమునకు మూలమందు బళ్లారి తెలుగువాడు ఉండుట గమనింపదగినది. ఈ సభలు ప్రధానముగ ఉద్యోగులు, వకీళ్లు నడపిన కళాసంస్థలు. లాభనష్టములు వాటికి ప్రధానము కావు. మరియొకప్రక్క సురభివంటి కుటుంబ సమాజములు డేరాలు వేసికొని ఊరూర తిరిగి, టిక్కెట్ల రాబడితో జీవించినవి. కాని ఇవి ఒక్కొక్కటి విడివిడిగా బ్రతికినవే. ఊరిలో స్థలమునకు, లైసెన్సునకు, దీపములకు ఏ సమాజమునకు ఆ సమాజమే తిప్పలుపడెను.

సినిమాకూడ తొలుత డేరాతోనే వచ్చినది. మచిలీపట్టణమునుండి మదరాసు చేరి ఫొటోగ్రాఫరుగా స్థిరపడిన రఘుపతి వెంకయ్యనాయుడుగారు 1910 ప్రాంతమున క్రోనోమెగాఫోను యంత్రమును తెప్పించి డేరాలలో బొమ్మలు చూపిరి; బర్మా, సింహళములకు కూడ పోయి ప్రదర్శనములిచ్చిరి. పిదప మౌంటురోడ్డు చెంత గెయిటీ, మింటువీథిలో క్రౌన్, పురసవాకమున గ్లోబు అను శాలలను కట్టించిరి. దక్షిణమున భారతీయుడు కట్టిన తొలి సినిమాశాలలలో గెయిటీ ఒకటి. 1921లో ఆయనయు, ఆయన కుమారుడు ప్రకాశును కలిసి ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిరి. ఆ సంవత్సరమే విజయవాడలో మారుతీ హాలు వెలసినది. వెంకయ్యగారివద్ద పనిచేసినవారిలో సి. పుల్లయ్యగారు ఒకరు.

నిర్మాణము, పంపిణీ, ప్రదర్శన అను మూడు పనులను ఒకే వ్యక్తి తన ఆస్తితో నడపిన కాలమది. అందువలననే ఒకచోట వచ్చిన నష్టము తక్కిన రెండింటిని కూడ ముంచివేసెడిది. వెంకయ్యగారు కట్టించిన శాలలు తుదకు ఆయనచేత నిలువలేదు. తెలుగు చలనచిత్రమునకు పితామహుడని నేడు కీర్తింపబడు ఆయన కష్టములలో ఉన్నప్పుడు, ఆ వృత్తివారి పక్షమున మాటలాడుటకు ఒక సంఘము లేకుండెను.

సంఘ మెందుకు కావలసివచ్చినది

సినిమా వర్తకమున ముగ్గురు భాగస్వాములు. నిర్మాత బొమ్మ తీయును. పంపిణీదారుడు ఒక ప్రాంతమునకు హక్కు కొని ప్రతులు తెప్పించును. హాలు యజమాని దానిని జనులకు చూపును. టిక్కెట్టుకు ప్రేక్షకుడిచ్చిన అణా ముందు హాలులో చేరి, ప్రభుత్వపు పన్ను పోగా మిగిలినది పంపిణీదారునికి, అటనుండి నిర్మాతకు చేరవలెను. దారి పొడవైనది, అందుచేత అనుమానములు ఎక్కువ.

హాలు యజమాని కొన్నిచోట్ల నియతమైన అద్దె తీసికొనును. కొన్నిచోట్ల రాబడిలో వంతు. పెద్దబొమ్మకు పంపిణీదారుడు ‘మినిమం గ్యారంటీ’ అడుగును. రాబడి వంతుగా పంచుకొనుచోట నిజముగ ఎన్ని టిక్కెట్లు తెగినవో తెలియుటకు పంపిణీదారుడు తన ‘రిప్రజెంటేటివు’ను హాలులో ఉంచును. అతడు ప్రతి ఆటకును నేల, బెంచి, కుర్చీల లెక్క చూచి దినవారీ రాబడిపట్టిక పంపవలెను. ఒప్పుకొన్న తేదీకి ఫిలిం పెట్టె రాకపోయినను, వచ్చిన ప్రతి గీతలుపడి తెగినను, ఒకే ఊరిలో రెండు హాళ్లకు ఒకే బొమ్మను మాటయిచ్చినను తగవు తప్పదు. కోర్టుకు పోయినచో తీర్పు వచ్చునప్పటికి ఆ బొమ్మకు గిరాకియే ఉండదు. కాబట్టి వారములోపల తగవు తీర్చగల పెద్దలు కావలసివచ్చిరి. వర్తకసంఘమునకు తొలి ప్రయోజనము ఇదియే.

రెండవ ప్రయోజనము ప్రభుత్వముతో వ్యవహారము. 1918 నాటి సినిమాటోగ్రాఫు చట్టము హాలునకు లైసెన్సును, బొమ్మకు అనుమతిని విధించెను. దాని క్రింద 1920లో మదరాసున సెన్సారు మండలి ఏర్పడెను. 1922లో వంగరాష్ట్రమున మొదలైన వినోదపు పన్ను 1923లో బొంబాయికి, 1939లో మదరాసు రాజధానికి వచ్చినది. పరిశ్రమ స్థితిని పరిశీలించుటకు 1927లో ప్రభుత్వము నియమించిన కమిటీకి మదరాసు న్యాయవాది టి. రంగాచారియారు అధ్యక్షులు. ఆ కమిటీ ఊరూర తిరిగి సాక్ష్యములు తీసికొన్నప్పుడు దక్షిణాదివర్తకులు ఎవరికివారే చెప్పుకొనవలసివచ్చెను.

1931లో హెచ్.ఎం. రెడ్డిగారి ‘కాళిదాస్’, మరుసటేట ‘భక్తప్రహ్లాద’ వచ్చినపిదప వ్యాపారము ఇబ్బడిముబ్బడిగా పెరిగెను. మాటలబొమ్మకు హాలులో క్రొత్త యంత్రములు కావలెను; వాటికి అప్పు కావలెను. అప్పు తీరుటకు బొమ్మ వరుసగా రావలెను. మదరాసులో స్టూడియోలు వెలసి తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ చిత్రములు ఒకచోటనే తయారగుచుండెను. 1930ల చివర, 1938–39 ప్రాంతమున, దక్షిణ భారత చలనచిత్ర వాణిజ్య మండలి మదరాసులో అవతరించినది.

మండలి – దాని పని

ఈ మండలికి తొలిరోజులలో అధ్యక్షత వహించిన ఎస్. సత్యమూర్తి కాంగ్రెసు నాయకులు, సుగుణవిలాస సభ రంగస్థలముపై నటించినవారు. దర్శకులు కె. సుబ్రహ్మణ్యము దాని నిర్మాణమున పాటుపడినవారిలో ముఖ్యులు. తరువాతి దశకములలో కడపజిల్లావారైన బి. నాగిరెడ్డి వంటి తెలుగువారు దానికి అధ్యక్షులైరి. మండలి పేరులో తమిళము లేదు, తెలుగు లేదు. ‘దక్షిణ భారత’ మని మాత్రమే కలదు. నాలుగు భాషల నిర్మాతలు, పంపిణీదారులు, హాళ్ల యజమానులు, స్టూడియోలవారు ఇందు సభ్యులు. నిర్మాతకును హాలువానికిని ప్రయోజనములు విరుద్ధములైనను, ఇద్దరును ఒకే సభలో కూర్చుండిరి. ఈ సంస్థకుగల బలమును, బలహీనతయు ఇందుననే కలవు. ప్రభుత్వముపై అందరును ఏకమగుదురు. రాబడి పంపకము వచ్చినప్పుడు వేరగుదురు.

యుద్ధము మండలికి మొదటి పరీక్ష. ముడిఫిలిము విదేశములనుండి రావలసినది, ఓడలు దొరకలేదు. ప్రభుత్వము కథాచిత్రమునకు 11,000 అడుగుల పరిమితి విధించెను. పిదప ఫిలిమును లైసెన్సుపై పంచెను. అదివరకు ఇంతకు ఎక్కువ నిడివికి అలవాటుపడిన తెలుగు, తమిళ నిర్మాతలకు ఇది పెద్దదెబ్బ. 1943నుండి ప్రతి హాలును ప్రభుత్వ సమాచార చిత్రములను తప్పక చూపవలెనను ఉత్తరువు వచ్చెను. ఎవరికెంత ఫిలిము, హాళ్లలోని దీపములకు కావలసిన కార్బన్ కడ్డీలు ఎట్లు తెప్పించుట అను ప్రశ్నలు ఒంటరి వర్తకుడు పరిష్కరించుకొనగలిగినవి కావు.

స్వాతంత్ర్యముతో చిక్కులు తగ్గునని వర్తకులు ఆశించిరి. అట్లు కాలేదు. కొన్ని రాష్ట్రములు వినోదపు పన్నును టిక్కెట్టు ధరలో సగమువరకు పెంచినవి. దానికి నిరసనగా 1949 జూను 30వ తేదీన దేశమంతట సినిమాహాళ్లు మూతపడెను. ఆ సంవత్సరమే ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన కేంద్రప్రభుత్వము విచారణసంఘమును నియమించెను. అది 1951లో నివేదిక ఇచ్చెను. ఆ సంవత్సరమే వివిధ ప్రాంతముల సంఘములు కలిసి భారత చలనచిత్ర సమాఖ్యగా ఏర్పడినవి. 1949 నాటి బంధు ఒక విషయము నిరూపించెను: హాలు మూయగల శక్తియే ఈ వర్తకసంఘముల అసలు ఆయుధము. అది రెండువైపులా పదునుగలది. మూసిన ప్రతిదినమును హాలు యజమానికే ముందు నష్టము.

రాజ్యాంగము, రాష్ట్రములు

1950 నాటి రాజ్యాంగము సినిమాను రెండు చేతులలో పెట్టినది. బొమ్మకు అనుమతి నిచ్చు అధికారము కేంద్రజాబితాలో 60వ అంశము. హాళ్లు రాష్ట్రజాబితాలో 33వ అంశము. వినోదపు పన్ను అదే జాబితాలో 62వ అంశము. ఫలితముగా ఒకే తెలుగు బొమ్మకు సెన్సారు ఒకటే. పన్ను మాత్రము రాష్ట్రమునకొక తీరు. ఉమ్మడి మదరాసు విడిపోయిన పిదప, 1955లో ఆంధ్రరాష్ట్రమున ఒక సినిమా నియంత్రణచట్టము, మదరాసున మరియొకటి వచ్చినవి. బళ్లారి హాలునకు మైసూరు నిబంధనలు వర్తించెను. యానాము 1954వరకు ఫ్రెంచి పాలనలో ఉండి, పిదప పుదుచ్చేరితో చేరినది. చుట్టును పూర్వపు తూర్పుగోదావరి జిల్లాయే ఉన్నను, అచ్చటి హాలునకు చట్టము వేరు.

ఇట్టి స్థితిలో తెలుగు నిర్మాత మదరాసులోనే కూర్చుండి ఐదారు ప్రభుత్వముల నిబంధనలకు లోబడవలసివచ్చెను. దక్షిణ భారత మండలి విలువ అప్పుడు మరింత తెలిసినది. రాష్ట్రములు విడిపోయినను మండలి విడిపోలేదు. విశాఖపట్నపు పూర్ణా పిక్చర్సు, విజయవాడ నవయుగ వంటి పంపిణీసంస్థలు ఆంధ్రమున పెరిగినను, వారికి బొమ్మలు వచ్చినది మదరాసునుండియే.

క్రమముగా తెలుగు పరిశ్రమ హైదరాబాదునకు తరలెను. 1979లో ఆంధ్రప్రదేశ్ చలనచిత్ర వాణిజ్య మండలి ఏర్పడినది. సొంత ప్రభుత్వముతో సొంత సంఘము మాటలాడుట న్యాయమే. దాని అవసరము త్వరలోనే కనబడెను. 1984 జనవరి 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్ లో వినోదపు పన్ను పద్ధతి మారినది. అంతవరకు అమ్మిన ప్రతి టిక్కెట్టుపై పన్ను. ఇకపై హాలు నిండినచో ఎంత రాబడి రాగలదో లెక్కకట్టి, దానిలో ఒక శాతమును ఆటకింత అని కట్టవలెను. దొంగలెక్కలు తగ్గించుటకును, వసూలు సులభమగుటకును ఈ పద్ధతి యని ప్రభుత్వవాదము. హాలు సగము ఖాళీగా ఉన్నను పన్ను తగ్గదని యజమానుల బాధ. వివాదము సర్వోన్నత న్యాయస్థానమువరకు పోయెను. 1993లో న్యాయస్థానము చట్టమును సమర్థించినది. వర్తకసంఘము ప్రభుత్వముతో వాదింపగలదు, బేరమాడగలదు. శాసనసభకున్న పన్ను అధికారమును మాత్రము తప్పింపలేదని ఈ తీర్పు స్పష్టపరచెను.

అయితే హైదరాబాదు తరలింపువలన ఒక నష్టము కలిగినది. రాష్ట్రము వెలుపలనున్న తెలుగువారి హాళ్లు, వారి ప్రేక్షకులు క్రొత్త మండలి దృష్టికి దూరమైరి. ఆంధ్రప్రదేశ్ మండలికి పరిధి ఆంధ్రప్రదేశమే. మదరాసు మండలి మిగిలినను, దాని ఇంటిముందు తమిళ పరిశ్రమయే ప్రబలము. రాష్ట్రేతర తెలుగువాడు రెండు సంఘముల నడుమ మిగిలిపోయెను.

కవచము గోడ అయినప్పుడు

తమిళనాట 2006లో తమిళ పేరుగల తమిళ చిత్రములకు వినోదపు పన్ను మినహాయింపు లభించినది. తమ భాషను పోషించుటకు ఒక ప్రభుత్వమునకు హక్కు కలదు. దానిని తప్పుపట్టుట పాడికాదు. కాని తెలుగు బొమ్మకు ఆ మినహాయింపు లేకుండుటచేత, తరతరములుగ మదరాసులో ఉన్న తెలుగువాడు తన భాషలోని బొమ్మ చూచినందుకు పన్ను కట్టెను. 2017 జూలై 1వ తేదీన వస్తు సేవల పన్ను వచ్చినప్పుడు 100 రూపాయలు దాటిన టిక్కెట్టుపై 28 శాతము, 100 వరకు 18 శాతము విధించిరి. అంతకుముందు 2016లో చేసిన రాజ్యాంగ సవరణ 62వ అంశమును కుదించి, స్థానికసంస్థలు వసూలుచేయు వినోదపు పన్నును మాత్రము నిలిపినది. ఆ వెసులుబాటుతో తమిళనాట స్థానికసంస్థల పేర మరి 30 శాతము చేర్చిరి. జూలై 3వ తేదీనుండి ఆ రాష్ట్రపు హాళ్లు మూతపడినవి. ప్రభుత్వము దిగివచ్చి ఆ పన్నును నిలిపియుంచినది. 1949 నాటి ఆయుధమే మరల పనిచేసినది. పిదప వచ్చిన రేట్లలో మాత్రము తమిళ చిత్రములకంటె ఇతరభాషా చిత్రములకు పన్ను ఎక్కువగానే ఉండెను. హాళ్ల సంఘము హాళ్లకొరకు పోరాడినది. భాషలనడుమ భేదము దాని ముఖ్యసమస్య కాలేదు.

కర్ణాటకమున వర్తకసంఘమే గోడ కట్టినది. 2004లో కర్ణాటక చలనచిత్ర వాణిజ్య మండలి, ఇతరభాషా చిత్రములు విడుదలైన ఏడువారములవరకు ఆ రాష్ట్రమున వేయరాదని నిశ్చయించినది. కన్నడ చిత్రములకు హాళ్లు దొరకుటలేదని వారి ఆవేదన. అది పూర్తిగా అసత్యమనుటకును వీలులేదు. పెద్ద తెలుగు, తమిళ, హిందీ బొమ్మలు వచ్చినవారమున చిన్న కన్నడ బొమ్మను హాలునుండి దింపివేయుట జరిగినదే. కాని ఆ నియమము ఏ శాసనసభయు చేసినది కాదు. వర్తకులు తమలోతాము చేసికొన్న కట్టుబాటు. బెంగుళూరు, బళ్లారి, రాయచూరుల తెలుగు ప్రేక్షకుడు ఆ సభలో సభ్యుడు కాడు. అతని మాట అడిగినవారు లేరు.

ఇట్టి కట్టుబాట్లు చట్టసమ్మతములా అను ప్రశ్న చివరకు పోటీచట్టము క్రిందికి వచ్చినది. 2012లో భారత పోటీ సంఘము, బొమ్మను తమవద్ద నమోదు చేయించనిదే విడుదల కానీయమని నిర్బంధించిన పలు ప్రాంతీయ చలనచిత్ర సంఘములపై జరిమానా విధించెను. డబ్బింగు చిత్రములను అడ్డుకొన్న విషయమున 2015లో కర్ణాటక మండలి మొదలగువారిపై మరియొక ఉత్తరువు ఇచ్చెను. ఈ రెండవ ఫిర్యాదు తెచ్చినది నిర్మాత కాదు, పంపిణీదారుడు కాదు. కన్నడ వినియోగదారుల కూటమి. తమ భాషలో అన్నివిధముల చిత్రములును చూచు హక్కు తమకు కలదని కన్నడ ప్రేక్షకులే వాదించి గెలిచిరి. ప్రేక్షకుడు సంఘటితుడైనప్పుడు వర్తకసంఘమును కూడ నిలదీయగలడని దీనివలన తెలియుచున్నది.

క్రొత్త కాలము

ఇటీవలి మార్పులు ఈ చరిత్రకు మరియొక మలుపు. ఫిలిం పెట్టెలు పోయినవి. డిజిటలు యంత్రములు వచ్చినవి. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు ఆ యంత్రముల సంస్థలు వసూలు చేయుచున్న రుసుమునకు నిరసనగా క్రొత్త చిత్రముల విడుదల ఆపివేసిరి. తెలుగు రాష్ట్రములలో తగవు కొలదిదినములలో తీరినది. తమిళనాట ఏప్రిలు మూడవవారమువరకు సాగెను. అప్పుడు పోరు ప్రభుత్వముతో కాదు, పన్నుతో కాదు. హాలు లోపలి యంత్రము యజమానితో. 2020 మార్చిలో అంటువ్యాధి కారణముగ దేశమంతట హాళ్లు మూతపడినవి. ఈసారి మూసినది సంఘము కాదు. ఊరిమధ్యనున్న ఒంటిహాళ్లు పెక్కు కల్యాణమంటపములుగను, దుకాణములుగను మారిపోయినవి. వెంకయ్యగారి గెయిటీయు నేడు లేదు.

ఇంటిలోని తెరపై ఏ భాష బొమ్మనైనను చూడగలుగు ఈ కాలమున ‘సీడెడ్’ యేమి, ‘నైజాం’ యేమి అని కొందరు అనవచ్చును. కాని హాలులో పదిమందితో కూడి తన భాషను వినుట వేరు, ఇంటిలో ఒంటరిగా వినుట వేరు. రాష్ట్రేతర తెలుగువారి పిల్లలు బడిలో తెలుగు చదువుట తగ్గిన ఊళ్లలో, తెలుగు బహిరంగముగ పెద్దగొంతుతో వినబడు కొద్దిచోట్లలో సినిమాహాలు ఒకటిగా చిరకాలము ఉండెను. కాబట్టి హాలు మూతపడుట వారికి వ్యాపారనష్టము మాత్రమే కాదు.

ముగింపు

పై చరిత్రనుండి మూడు విషయములు తేలుచున్నవి. మొదటిది: వర్తకసంఘము లేనిచో ఈ పరిశ్రమ నిలువజాలదు. తగవులు త్వరగా తీరుటకును, యుద్ధకాలపు కొరతలవంటి ఇక్కట్లను అందరు కలిసి ఎదుర్కొనుటకును, ప్రభుత్వముతో మాటలాడుటకును అట్టి సంస్థ అవసరము. రెండవది: నాలుగు భాషలవారిని ఒక కప్పుక్రింద కూర్చుండబెట్టిన మదరాసు మండలి, రాష్ట్రములు విడిపోయిన కాలమున గొప్ప పని చేసినది. ఆ ఉమ్మడి కప్పు పలుచబడినకొలదియు భాషకొక సంఘము, సంఘమునకొక గోడ ఏర్పడినవి. మూడవది, అన్నింటికంటె ముఖ్యమైనది: వర్తకసంఘము అమ్మువారి సంఘము. కొనువాడు అందులో లేడు. రాష్ట్రము వెలుపలి తెలుగువాడు ఈ వ్యాపారమున ఎప్పుడును కొనువాడే.

కనుక ఆయా రాష్ట్రములలోని తెలుగుసంఘములు ఉగాదికి, సంక్రాంతికి సభలు జరుపుటతోపాటు, తమ ఊరి హాలులో తెలుగు బొమ్మ ఏల రాలేదో, వచ్చిన బొమ్మకు పన్ను ఏల హెచ్చో విచారించి, వర్తకసంఘములకును ప్రభుత్వములకును విన్నవించుకొనుట అవసరము. అచ్చటి భాషవారికి పోటీగా కాదు. వారి భాష వర్ధిల్లుటకు అడ్డుపడకుండగనే, తమ భాషకును ఒక ఆట, ఒక తెర ఉండవలెనని అడుగుట. సుగుణవిలాస సభకు స్ఫూర్తినిచ్చిన బళ్లారివారికి, మదరాసున గెయిటీ కట్టిన బందరువాని వారసులకు, ఆ మాట అడుగుటకు అర్హత కలదు.